వత్తుకు చోటు

కాగితం మీద ‘స్త్రీ’ అని రాసి చూడండి. సకారం ఒక్కటే బుద్ధిగా వరుసలో కూర్చుంటుంది. తవత్తు, రవత్తు కిందికి దిగుతాయి. గుడిదీర్ఘం పైకెక్కుతుంది. ఇంగ్లీషు అక్షరాలు ఒకదాని పక్కన ఒకటి నిలబడితే, మనవి మేడ మీద మేడ కట్టుకుంటాయి. చేత్తో రాసినంతకాలం దీనితో పేచీ లేదు. వత్తు కింది గీత దాటి దిగినా ఏ పంతులుగారూ మార్కులు కోసేవారు కాదు. గొడవంతా డబ్బాల్లో రాయాల్సి వచ్చినప్పుడే మొదలైంది. ఫోన్ తెర మీద కనిపించేదంతా డబ్బాలే కదా! బటన్ ఒక డబ్బా, నోటిఫికేషన్ ఒక డబ్బా, ‘అనుమతించాలా?’ అని అడిగేది ఇంకో డబ్బా. ఆ డబ్బాల ఎత్తు మొదట్లో నిర్ణయించినవాళ్ల కళ్లముందు ఉన్నది రోమన్ లిపి. అందులో నాలుగైదు అక్షరాల తోకలు తప్ప కిందికి దిగేదేమీ లేదు.

గత కొన్నేళ్లుగా ఆండ్రాయిడ్‌లో ఈ డబ్బాల విషయంగా వస్తున్న మార్పుల్ని పని పెట్టుకుని చదువుతున్నాను. కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా పత్రికలు కెమెరా గురించీ బ్యాటరీ గురించీ రాస్తాయి. వత్తు గురించి ఎవరూ రాయరు. అందుకని నేను రాస్తున్నాను.

తెలుగు బ్లాగుల తొలి రోజుల్లో ఉన్నవాళ్లకు గుర్తుండే ఉంటుంది. కంప్యూటర్లో లేఖిని పెట్టుకుని టపా రాసేవాళ్లం, కూడలిలో చూసుకునేవాళ్లం. అదే టపాని ఫోన్‌లో తెరిస్తే ఖాళీ గళ్లు బారులు తీరి కనిపించేవి. అప్పుడు ఒపెరా మినీయే దిక్కు. అడ్రసు పట్టీలో ‘ఒపెరా:కాన్ఫిగ్’ అని కొట్టి, బిట్‌మ్యాప్ ఫాంట్ల ప్రశ్నకు ‘యెస్’ పెడితే, అక్షరాల్ని బొమ్మలుగా మార్చి పంపేది. చదవడానికి పనికొచ్చేది, అంతే. ఒక్క ముక్క కాపీ చేసుకోవడానికి ఉండేది కాదు. 2012లో ఆండ్రాయిడ్ 4.1 వచ్చాక కన్నడ, మలయాళాలతో పాటు తెలుగు కూడా అక్షరంగా కనిపించడం మొదలైంది. ఫోన్ మెనూలు తెలుగులో మాట్లాడటానికి ఇంకో రెండేళ్లు పట్టింది. 2014 చివర్లో ఆండ్రాయిడ్ 5.0తో వచ్చిన పదిహేను కొత్త భాషల్లో మనదీ ఒకటి.

ఆ 5.0లోనే ఒక రాజీ కూడా కుదిరింది. ఫోన్‌లో రెండు తెలుగు ఫాంట్లు పెట్టారు. ఒకటి నోటో సాన్స్ తెలుగు. రెండోది దాని తమ్ముడు, పేరు చివర ‘యూఐ’ అని ఉంటుంది. అన్న అక్షరాన్ని నిలువెత్తున గీస్తాడు. తమ్ముడు అదే అక్షరాన్ని పైనుంచీ కిందనుంచీ నొక్కి, వత్తుని అక్షరం కడుపులోకి దూర్చి, డబ్బాలో పట్టిస్తాడు. కోడ్‌లో మొదటిదానికి ‘ఎలిగెంట్’ అనీ, రెండోదానికి ‘కాంపాక్ట్’ అనీ పేర్లు. యాప్ రాసేవాడు ఫలానాది కావాలని ప్రత్యేకంగా అడగకపోతే వచ్చేది కాంపాక్టే. తెలుగు చదవడం రాని ఇంజనీరుకి అడగాలని ఎందుకు తోస్తుంది? ఇందులో కుట్రేమీ లేదు. అప్పటికే ఉన్న లక్షల యాప్‌ల డబ్బాలు చెదిరిపోకుండా ఉండాలంటే అక్షరమే సర్దుకోవాలన్నారు, అది సర్దుకుంది. మన మొదటి టైపురైటర్లు వత్తుల్ని ఏం చేశాయో తెలిసినవాళ్లకు ఇది కొత్త కథ కాదు.

వత్తుని నొక్కితే పోయేది అందమే అయితే నేనింత రాయను. వత్తు కనబడకపోతే కల్ల కాస్తా కల అవుతుంది, బల్లి బలి అవుతుంది, గడ్డి గడి అవుతుంది. తెలుగులో సగం అర్థం వరుస కింద ఉంటుంది.

నేనుండేది లుసైల్‌లో. దోహాకి ఉత్తరాన, మెట్రో రెడ్ లైన్ ఆఖరి స్టేషన్ ఉన్న ఊరు. 2022 డిసెంబర్ 18న ప్రపంచకప్ ఫైనల్ జరిగిన స్టేడియం ఇక్కడిదే. ఊరంతా కొత్తది. ప్రతి బోర్డూ అరబ్బీలో, ఇంగ్లీషులో ఉంటుంది. ఈ వీధులు వేసినవాళ్లలో, ఈ అద్దాల మేడలు ఎత్తినవాళ్లలో తెలుగువాళ్లు ఎందరో ఉన్నా, తెలుగు అక్షరం కనబడే గోడ మాత్రం ఇక్కడ లేదు. తెలుగు కనబడేది జేబులో ఉన్న ఫోన్‌లోనే.

ఆ మధ్య మెట్రోలో పక్క సీటాయన, జగిత్యాల వైపు మాట, యాభై దాటి ఉంటాయి, ఫోన్ నా ముందు పెట్టాడు. ఇంటికి డబ్బు పంపే యాప్ ఏదో తెరిచి ఉంది. తెలుగులో ఉంచుకున్నాడు, చూపు ఆనక అక్షరాల సైజు బాగా పెంచుకున్నాడు. కింద రెండు బటన్లు. అక్షరాలు పెరిగాయి గానీ బటన్లు పెరగలేదు. అందుకని కింది భాగం కోసుకుపోయింది.

“అన్నా, గీ ‘రదు’ ఏంది? ఒత్తాల్నా, వద్దా?”

అది ‘రద్దు’. దవత్తు గోడకి అవతల ఉండిపోయింది. పంపాలో మానాలో తేల్చే బటన్ మీద అది. ఊహించుకోవచ్చు కదా అని మీరనవచ్చు. నెల జీతం ఆ తెర మీద ఉన్నప్పుడు ఎవరూ ఊహల మీద వేలు పెట్టరు. పక్కవాణ్ణి అడుగుతారు. పక్కవాడు మంచివాడు కావాలి మరి.

దీనికి ఇంకో పక్క కూడా ఉంది. యాప్ ఇంగ్లీషులో ఉండనీ, అరబ్బీలో ఉండనీ, ‘నీ లొకేషన్ చూడనా, ఫోటోలు చూడనా’ అని అడిగే డబ్బా మాత్రం యాప్‌ది కాదు. అది ఆండ్రాయిడ్‌ది. ఫోన్‌ని తెలుగులో పెట్టుకుంటే ఆ ప్రశ్న తెలుగులోనే వస్తుంది. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 నుంచి ఇలా అడగడం మొదలైంది. 2019లో ‘యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే’ అనే జవాబు చేరింది, 2020లో ‘ఈ ఒక్కసారికే’ అనేది చేరింది. 2022 నుంచి నోటిఫికేషన్ పంపడానికీ అడగాల్సిందే. 2020 మే 22 నుంచి ఇక్కడ ఇల్లు దాటాలంటే ఫోన్‌లో ఎహ్తెరాజ్ అనే కోవిడ్ యాప్ ఉండి తీరాలన్నారు. లేకపోతే మూడేళ్ల దాకా జైలు, రెండు లక్షల రియాళ్ల దాకా జరిమానా అన్నారు. ఫోటోలూ ఫైళ్లూ చూసే అనుమతి, కాల్ చేసే అనుమతి దానికెందుకని జనం గొడవ చేశారు. పది లక్షల మందికి పైగా వివరాలు బయటపడగల లోపం ఒకటి అందులో ఉందని ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ పట్టుకుని చెబితే, మర్నాడే సరిచేశారు. అలాంటి యాప్‌కి ఔననో కాదనో చెప్పే చోట, తెలుగు మాత్రమే చదవగలిగినవాడికి అర్థమయ్యే తెర ఆ అనుమతి డబ్బా ఒక్కటే. అందులో వాక్యం ఎలా ఉందన్నది నాకు భాషాభిమానం విషయంగా కనబడదు.

వాక్యం సంగతికొస్తే, అది కూడా మారుతూ వచ్చింది. ఆండ్రాయిడ్ మూలకోడ్‌లో ప్రతి భాషకీ ఒక ఫోల్డరు ఉంటుంది. తెలుగుది ‘వేల్యూస్-టీఈ’. అందులో ఉన్న ఫైల్లోనే మన ఫోన్ మాట్లాడే తెలుగు మాటలన్నీ ఉంటాయి. తొలినాళ్ల వాక్యాల నిండా అనువర్తనాలు, ప్రాప్యతలు. అనువర్తనం ప్రాప్యత కోరుతోంది అంటే ఏమిటో చెప్పగల మనిషి మా ఊళ్లో అయితే లేడు. క్రమంగా అనువర్తనం పోయి యాప్ వచ్చింది, ప్రాప్యత పోయి యాక్సెస్ వచ్చింది, స్థానం చాలాచోట్ల లొకేషన్ అయింది. పండితులకు నచ్చకపోవచ్చు. నాకూ ‘సెర్చ్ చేయండి’ చూసినప్పుడు ‘వెతకండి’ ఏం పాపం చేసిందా అనిపిస్తుంది. కానీ ప్రాప్యత పోయినందుకు మాత్రం ఒక్క కన్నీటి చుక్క కూడా రాల్చను.

ఇంకో చిన్న విశేషం. యాప్ పేరు వాక్యంలోకి ఎక్కడినుంచో వచ్చి పడుతుంది, అనువదించేవాడికి ముందే తెలియదు. మనకేమో పేరు చివర ఇకారం ఉంటే ‘ని, కి’, లేకపోతే ‘ను, కు’. ఆ చిక్కు తప్పించుకోవడానికి పేరు తర్వాత ‘యాప్’ అని ఒకటి తగిలించి, విభక్తిని దానికి కడతారు. ‘వాట్సాప్ యాప్‌ను’ అని ఫోన్ అంటుంటే నవ్వుకోకండి. ఎవరో మన వ్యాకరణం తెలిసినవాళ్లు ఆలోచించి చేసిన పని అది. వాళ్ల పేర్లు మాత్రం ఎక్కడా ఉండవు. ఈ మార్పులన్నీ కోడ్ చరిత్రలో ‘ఇంపోర్ట్ ట్రాన్స్‌లేషన్స్’ అనే ఒకే శీర్షిక కింద కట్టలు కట్టలుగా వచ్చిపడతాయి.

పేర్లు ఉన్నా లేకపోయినా, ప్రపంచం మొత్తం మన అక్షరం పేరు ఎత్తిన వారం ఒకటుంది. 2018 ఫిబ్రవరి. ‘జ్ఞా’ అనే తెలుగు అక్షరం పంపితే ఐఫోన్ కూలిపోతోందని పత్రికలన్నీ రాశాయి. నోటిఫికేషన్‌లో వస్తే ఫోన్ మొత్తం చతికిలబడేది. నిజానికి మామూలు జ్ఞా పాపమేమీ లేదు. జకారం, పొల్లు, ఞకారం తర్వాత, దీర్ఘానికి ముందు ఒక కనబడని గుర్తు ఇరికిస్తేనే ఆ చేటు. ఆ గుర్తు పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. రెండక్షరాలు కలిసి వత్తు కాకుండా విడదీస్తుంది. ‘సెట్టింగ్‌లు’ అన్నప్పుడు గకారం కింద లవత్తు పడకుండా ఆపేది అదే. అది లేకపోతే మనం ఇంగ్లీషు మాటల్ని తెలుగులో రాయలేం. కానీ జ్ఞా మధ్యలో దాన్ని పెట్టే తెలుగువాడెవడూ ఉండడు. మనీష్ గోరేగావ్‌కర్ అనే ఇంజనీరు కూర్చుని లెక్క తీస్తే, తప్పు ఆ ఒక్క అక్షరంలో లేదనీ, దేవనాగరి, బెంగాలీల్లో కూడా కొన్ని కూర్పులతో ఫోన్ కూలుతుందనీ, తెలుగులో అయితే వత్తుగా మారే ఏ హల్లుతోనైనా కూలగలదనీ తేలింది. మన హల్లులన్నీ వత్తులవుతాయి కదా! ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి ఆపిల్ సరిచేసింది. తప్పు చేసింది ఫోన్, పేరు పడింది అక్షరానికి. ఆ ఐఫోన్‌లో అప్పటికి తెలుగు చదవచ్చు, రాయచ్చు గానీ మెనూలు తెలుగులో లేవు. అవి వచ్చింది 2025 మార్చి 31న, ఐఓఎస్ 18.4తో.

ఇక డబ్బాల సంగతి. 2018లోనే ఆండ్రాయిడ్ 9లో ఒక సదుపాయం పెట్టారు: రోమన్ కొలతలతో వేసిన వరుసలోకి వేరే ఫాంట్ అక్షరం వస్తే, దానికి తగ్గట్టు వరుస సాగుతుంది. 2022లో ఆండ్రాయిడ్ 13 తమిళం, బర్మీస్, తెలుగు, టిబెటన్ లిపుల పేర్లు చెప్పి మరీ, వరుస ఎత్తుని ఆయా భాషకు తగ్గట్టు మార్చింది, అక్షరాలు కోసుకుపోకుండా. 2024లో ఆండ్రాయిడ్ 15 తిరగేసింది: దానికోసం తయారైన యాప్‌లలో అడగకపోయినా నిలువెత్తు ఫాంటే వస్తుంది. 2025 జూన్‌లో వచ్చిన ఆండ్రాయిడ్ 16 ఇంకో అడుగు వేసింది. దానికోసం తయారైన యాప్ నొక్కిన ఫాంట్ కావాలని అడిగినా వినదు. ఆ యూఐ ఫాంట్లకు ఇక సెలవు. మీ డబ్బాలు ఈ లిపులకు తట్టుకుంటాయో లేదో చూసుకోండని ఇచ్చిన జాబితాలో అరబ్బీ, లావో, బర్మీస్, తమిళం, గుజరాతీ, కన్నడ, మలయాళం, ఒడియా, తెలుగు, థాయ్ ఉన్నాయి. లుసైల్ మెట్రో పెట్టెలో ఏ సాయంత్రమైనా ఈ భాషల్లో మూడు నాలుగు చెవిన పడతాయి. ఈ దేశపు సొంత లిపి కూడా ఇన్నాళ్లూ మనతో పాటే నొక్కుడు పడిందన్నమాట.

ఇకమీద ఇలాంటి మార్పుల్ని ముందుగా గమనించడం కష్టం. 2025 మార్చిలోనే గూగుల్, ఆండ్రాయిడ్ అభివృద్ధి అంతా ఇక లోపలే చేస్తామని చెప్పింది. చాలా భాగం అప్పటికే లోపల జరిగేదనుకోండి. 2026 నుంచి మూలకోడ్ బయటపెట్టేది ఏడాదికి రెండుసార్లు. ఏ మాట ఏ వారం మారిందో చూసే సరదా నాకు పోయింది. ఫలితం మాత్రం ఫోన్‌లో కనబడుతూనే ఉంటుంది.

పైన ‘దానికోసం తయారైన యాప్’ అన్నాను చూశారా, చిక్కు అక్కడుంది. పాత లక్ష్యంతోనే ఉండిపోయిన యాప్‌లకు ఈ వరం అందదు. బటన్ ఎత్తుని ఒక అంకెతో బిగించేసిన యాప్‌లో ఇప్పుడు వత్తు ఇదివరకటి కంటే ఎక్కువే కోసుకుపోవచ్చు, ఎందుకంటే అక్షరం ఒళ్లు విరుచుకుంది, గోడ జరగలేదు. పైగా 2023లో వచ్చిన ఆండ్రాయిడ్ 14లో అక్షరాల సైజు రెండింతల దాకా పెంచుకోవచ్చు. ఈ టపా చదివేవాళ్లలో యాప్‌లు రాసి బతికేవాళ్లు చాలామందే ఉంటారని నాకు తెలుసు. మీ ఆఫీసులో పరీక్షకు పెట్టే నమూనా మాటల్లో ఒక ‘స్త్రీ’, ఒక ‘రాష్ట్రం’, ఒక ‘రద్దు’ చేర్చి, ఫోన్‌ని తెలుగులోకి మార్చి, అక్షరాల్ని చివరిదాకా పెంచి చూడండి. దవత్తు పూర్తిగా కనబడిందా లేదా, అంతే.