మీకు తెలుసా? నెగటివ్ మీది దుమ్మును పట్టిచ్చే ఇన్‌ఫ్రారెడ్

నెగటివ్‌లు స్కాన్ చేసే సాఫ్ట్‌వేర్‌లలో చాలావాటిలో ‘డిజిటల్ ఐస్’ లేదా ‘ఇన్‌ఫ్రారెడ్ క్లీనింగ్’ అనే ఆప్షన్ ఉంటుంది. ఇది పనిచేసే తీరు అద్భుతం! కలర్ ఫిల్ములోని రంగులు ఇన్‌ఫ్రారెడ్ కాంతిని దాదాపుగా అడ్డుకోవు. దుమ్ము, గీతలు అడ్డుకుంటాయి. అందుకే ఆ కాంతిలో చూస్తే బొమ్మ మాయమై మచ్చలే మిగులుతాయి. సాఫ్ట్‌వేర్ ఆ చోట్లను చుట్టుపక్కల పిక్సెళ్ల ఆధారంగా పూడుస్తుంది.

మామూలు బ్లాక్ అండ్ వైట్ నెగటివ్‌కి మాత్రం దీన్ని ఆపేయాల్సిందే. అక్కడ బొమ్మంతా వెండి రేణువులే. అవి ఇన్‌ఫ్రారెడ్‌నూ ఆపుతాయి. దాంతో సాఫ్ట్‌వేర్ తాతయ్య మీసాన్నీ, అమ్మమ్మ చీర అంచునూ దుమ్మనుకుని చెరిపేయగలదు. ఇల్‌ఫర్డ్ ఎక్స్‌పీ2 లాంటి బ్లాక్ అండ్ వైట్ ఫిల్ములకు మాత్రం ఈ ఇబ్బంది లేదు. వాటిని కలర్ ఫిల్ములాగే సీ-41 పద్ధతిలో కడుగుతారు, చివరికి వెండి పోయి రంగు (డై) మిగులుతుంది.

ఇక మిగతా స్కాన్ సెట్టింగుల సంగతి. రిజల్యూషన్ 2400 డీపీఐ పెడితే 35 ఎంఎం ఫ్రేము నుంచి సుమారు 77 లక్షల పిక్సెళ్లు వస్తాయి. ఇంట్లో ప్రింట్లకు అది చాలు. కలర్ నెగటివ్‌కి 48 బిట్ కలర్ ఎంచుకోండి: నెగటివ్‌కి ఉండే నారింజ ఛాయ తీసేటప్పుడు రంగులు చెడకుండా ఉంటాయి. ఏ ఆప్షన్ ఉన్నా సరే, స్కాన్ చేసే ముందు బ్లోయర్‌తో దుమ్ము ఊదడం మానకండి.