వేలెడంత బొమ్మకు నీడ దిద్దడం

గజ్వేల్ వైపు నుంచి కొమురవెల్లి మల్లన్న జాతరకు వెళ్లేవాళ్లు ఇంకాస్త ముందుకు పోతే చేర్యాల వస్తుంది. 2016లో జిల్లాలు మారినప్పుడు అప్పటిదాకా మెదక్‌లో ఉన్న గజ్వేల్, వరంగల్‌లో ఉన్న చేర్యాల రెండూ సిద్దిపేట జిల్లాలోకి వచ్చాయి. నకాషీ చిత్రకారుల కథల పటాలతో చేర్యాల పేరు దేశమంతా తెలిసింది. పటాలంత ప్రచారం లేకపోయినా, అదే చేతుల్లో రూపు కట్టిన సొత్తు మరొకటి ఉంది. మందెచ్చులవాళ్లు గొల్లకుర్మలకు కథ చెబుతూ జనం ముందు నిలబెట్టే కొయ్యబొమ్మలు అవి.

వీటికి కావలసింది తేలికైన పొనికి కర్ర. దాన్ని చెక్కి, రంపపు పొట్టును చింతగింజల జిగురుతో కలిపిన ముద్దతో ముక్కు, చెవులు, నగలు దిద్దుతారు. పైన తెల్ల సుద్ద పూసి, ఆరాక రంగులు వేస్తారు. చీరకు ఒక రంగు, ఒంటికి ఒక రంగు, అదీ నిండుగా. ఆఖరున సన్నని కుంచెతో నల్లగీత. కనురెప్ప, మీసం, పంచె కుచ్చిళ్లు అన్నీ ఆ గీతే చెబుతుంది. వెలుగునీడల పని దాదాపు కనిపించదు. అది చేతకాక వదిలేసింది కాదు. దీపం వెలుతురులో, వాకిట్లో వెనక వరసన కూర్చున్న ముసలాయన కంటికి కూడా బొమ్మ ఆనాలి. అంత దూరానికి నీడ అందదు, గీత అందుతుంది.

బల్లమీద పెట్టుకుని, చేతిలోకి తీసుకుని చూసే చిన్న బొమ్మల సంగతి వేరు. యుద్ధ క్రీడల కోసం ప్రపంచమంతా రంగులు వేసుకునే సైనికుల బొమ్మలు చాలావరకు 28 మిల్లీమీటర్ల కొలతవి. నిజమైన మనిషి పంచె మడతలో పడే నీడ మన కంటికి స్పష్టంగా తెలుస్తుంది. అదే మడత బొమ్మ మీద మిల్లీమీటరు లోతు కూడా ఉండదు. అంత చిన్న మడతలో పడే నీడ కంటికి దాదాపు ఆనదు.  అందుకే ఆనని నీడను రంగుతో తెచ్చిపెట్టాలి.

దానికి రెండు దారులున్నాయి. మొదటిది వాష్. ముదురు రంగును బాగా పలచన చేసి బొమ్మ మీద ధారాళంగా పూస్తారు. ఎత్తుగా ఉన్న చోట్ల అది నిలవదు. జారి మడతల్లో, వేళ్ల సందుల్లో, గడ్డం వెంట్రుకల మధ్య చేరి అక్కడ ఆరుతుంది. గుంట నల్లబడుతుంది, గట్టు వెలుగుతుంది. ఎర్ర అంగీకి నల్లటి వాష్ కంటే ముదురు గోధుమరంగు నప్పుతుంది. నలుపు ఎరుపును మురికిగా చేస్తుంది.

చిక్కంతా చదునైన చోట్ల. అక్కడ నిలిచిన చుక్క అంచుల దగ్గర ముందుగా ఆరుతుంది. మధ్యలోని నీరు అంచులకు పారుతూ రంగు రేణువులను మోసుకుపోతుంది. ఒలికిన కాఫీ ఆరాక మిగిలే వలయం లాంటిదే బొమ్మ వీపు మీదా తేలుతుంది. తడి ఆరకముందే శుభ్రమైన కుంచెను తుడిచి, దాని మొనతో ఎక్కువైన రంగును పీల్చేయాలి. పలచన చేసేటప్పుడు ఉత్త నీళ్లే పోయకుండా రంగులేని అక్రిలిక్ మీడియం కలపడం మేలు. నీళ్లు మరీ ఎక్కువైతే రంగును పట్టి ఉంచే జిగురు బలహీనపడి, ఆరాక చేతికి రాలుతుంది.

రెండోది గ్లేజ్. ఇదీ పలచటి రంగే, కానీ కుంచెలో తడి చాలా తక్కువ. ముంచిన కుంచెను గుడ్డకు ఒత్తి, కావలసిన చోటే ఒక పొర లాగుతారు. కుంచె ఎక్కడ ఆగితే అక్కడ రంగు కాస్త ఎక్కువ దిగుతుంది. కాబట్టి వెలుగు నుంచి నీడ వైపే లాగాలి. ఒక పొర వేస్తే మార్పు అంతగా తెలియదు. ఆరనిచ్చి మీద మీద వేస్తూ పోతే చెంప ఎరుపు దవడ కిందికి వచ్చేసరికి తానే ముదురుతుంది. అడుగు రంగు పైపొరలోంచి కనబడుతూనే ఉండడం దీని అందం. 15వ శతాబ్దంలో యాన్ వాన్ ఐక్ నూనె రంగుల్లో సాధించిన లోతు ఇలాంటి పారదర్శక పొరలదే. ఇప్పుడు ఓపిక తక్కువవాళ్లకు సిద్ధంగా కలిపిన రంగులు సీసాల్లో దొరుకుతున్నాయి: బ్రిటన్‌లోని గేమ్స్ వర్క్‌షాప్ 2012లో వాష్ పని చేసే ‘షేడ్’ రంగులను, 2019లో ఒక్క పూతతో వెలుగునీడలు తెచ్చే ‘కాంట్రాస్ట్’ రంగులను తెచ్చింది. మొదలుపెట్టేవాళ్లకు అవి మంచివే. ముఖం దగ్గరికి వచ్చేసరికి గ్లేజ్ నేర్చుకోక తప్పదు.

హైదరాబాద్ ధూల్‌పేటలో తయారయ్యే వినాయక విగ్రహాల తొండం మీద, బొజ్జ పక్కన కనిపించే మెత్తటి నీడ కూడా రంగుతో నీడను తెచ్చిపెట్టాలన్న ఇదే కోరికతో వచ్చింది. అక్కడ కుంచెకు బదులు స్ప్రే గన్ ఆ పని చేస్తుంది.

చేర్యాలలో ఇవాళ గోడకు తగిలించే ముఖాలు, అరచేతిలో ఇమిడే బొమ్మలు కూడా తయారవుతున్నాయి. కొన్నవాళ్లు వీటిని జానెడు దూరం నుంచి చూస్తారు. మరి వీటికి వాష్ పూయవచ్చా? ముక్కు పక్కన, చెవి మలుపులో ఒక పలచటి పొర వేస్తే బాగుంటుంది. ఒళ్లంతా పూస్తే మాత్రం చేర్యాల పసుపూ ఎరుపూ మసకబారి, నల్లగీత పదును పోతుంది. చేయదలచినవాళ్లు గీతకు ముందే, రంగు పూర్తిగా ఆరాక పూయాలి. అంతకంటే ముందు సుద్ద, రంగు వేసిన పొనికి కర్ర ముక్క మీద ఒకసారి పరీక్షించి చూడాలి. సుద్ద నీటిని త్వరగా పీలుస్తుంది కాబట్టి రంగుపొర పలచగా ఉన్నచోట వాష్ జారకుండా మరకలా నిలిచిపోతుంది.