ట్రాక్టరు ఇంజను ఆయిల్ మార్పిడి: గంటల లెక్క, డీజిల్ లెక్క

రైతు శిక్షణ తరగతులలో ట్రాక్టరు నిర్వహణ గురించి మాట్లాడిన ప్రతిసారీ ఇంజను ఆయిల్ ఎన్నాళ్ళకు మార్చాలన్న ప్రశ్న వస్తుంది. సమాధానాలు కూడా రైతుల వద్దే సిద్ధంగా ఉంటాయి. ఆయిల్ నల్లబడితే మార్చాలని కొందరు, తొలకరికి ముందు ఒకసారి మారిస్తే ఏడాది పొడవునా సరిపోతుందని మరికొందరు, తగ్గినప్పుడల్లా కొత్త ఆయిల్ పోస్తూ ఉంటే మార్చవలసిన పనే లేదని ఇంకొందరు చెబుతారు. కారు ఉన్నవారు పదివేల కిలోమీటర్ల లెక్క చెబుతారు. ఈ నాలుగింటిలో ఆయిల్ చేసిన పనిని కొలిచేది చివరిది ఒక్కటే. అయితే ఆ కొలత ట్రాక్టరుకు పనికిరాదు. పొలంలో ఇంజను పూర్తి శక్తితో శ్రమిస్తున్నప్పుడు కూడా ట్రాక్టరు గంటకు నాలుగైదు కిలోమీటర్లకు మించి కదలదు. నూర్పిడి యంత్రానికి తగిలించినప్పుడు అసలే కదలదు.

అందువల్లనే ట్రాక్టరుకు గంటల మీటరు ఉంటుంది. మన దేశంలోని అనేక నమూనాలకు తయారీదారులు మొదటి మార్పిడిని 50 గంటల వద్ద, ఆ తరువాత ప్రతి 250 గంటలకు ఒకసారి సూచిస్తున్నారు. కొన్ని కొత్త నమూనాలలో ఈ వ్యవధి 400 లేదా 500 గంటల వరకు ఉంది. ఏ ట్రాక్టరుకైనా దాని వెంట ఇచ్చిన పుస్తకంలోని అంకెయే ప్రమాణం. కారు లెక్కకూ దీనికీ దగ్గరి చుట్టరికం ఉంది. సగటున గంటకు 40 కిలోమీటర్ల వేగంతో నడిచే కారు పదివేల కిలోమీటర్లు తిరగడానికి పట్టే సమయం సరిగా 250 గంటలే.

కాని సమయం ఒక్కటే ఆయిల్‌ను అలసటకు గురిచేయదు. ఆయిల్‌లో చేరే మసి, ఆమ్లాలు, నీటి ఆవిరి అన్నీ ఇంధన దహనం వల్ల పుట్టేవే. కాబట్టి ఆయిల్‌పై పడిన భారాన్ని కొలవడానికి గంటల కంటే కాలిన డీజిల్ దగ్గరి కొలత. ఒక మధ్యతరహా ట్రాక్టరు ఖాళీ ట్రాలీతోనో, తేలికపాటి పనితోనో గంటకు మూడు లీటర్లు కాల్చుతుందనుకుందాం. అదే ట్రాక్టరు మాగాణిలో దమ్ము చక్రాలతోనో, గట్టి నేలలో రోటవేటర్‌తోనో ఆరు లీటర్ల వరకు కాల్చవచ్చు. మీటరు రెండు సందర్భాలలోనూ 250 గంటలే చూపుతుంది. కాని మొదటి ఇంజనులో 750 లీటర్ల డీజిల్, రెండవ దానిలో 1500 లీటర్ల డీజిల్ కాలి ఉంటుంది. కందెన ఒక్కటే, దాని పరిమాణం ఒక్కటే, భారం మాత్రం రెట్టింపు.

మీటరు విషయంలో మరొక చిక్కు ఉంది. పాత ట్రాక్టర్లలోని యాంత్రిక మీటరు గడియారం కాదు. అది ఇంజను చుట్లను లెక్కించి గంటలుగా చూపుతుంది. నిమిషానికి 2000 చుట్ల వద్ద గంటకు గంట చూపేలా అమర్చిన మీటరు, ఇంజను 1000 చుట్లతో రెండు గంటలు నడిస్తే ఒక గంట మాత్రమే నమోదు చేస్తుంది. ఎలక్ట్రానిక్ మీటరు అసలు సమయాన్నే చూపుతుంది. కనుక రెండు ట్రాక్టర్ల మీటర్లను పోల్చే ముందు అవి ఏ రకానివో తెలుసుకోవాలి. ఇక గ్రామాలలో తిరిగే పాత ట్రాక్టర్లలో కేబుల్ తెగి మీటరు ఆగిపోయినవి తక్కువేమీ కాదు. అటువంటి రైతుకు 250 గంటల సలహా ఇవ్వడం గడియారం లేనివానికి ముహూర్తం చెప్పినట్లే.

ఇటువంటి చోట డీజిల్ లెక్క ఉపయోగపడుతుంది. తయారీదారు సూచించిన గంటలను ఆ ట్రాక్టరు సగటు వినియోగంతో గుణిస్తే ఒక మార్పిడికి తగిన డీజిల్ పరిమాణం వస్తుంది. గంటకు సగటున నాలుగు లీటర్లు కాల్చే ట్రాక్టరుకు 250 గంటలంటే 1000 లీటర్లు. రైతు మీటరు చూడకపోవచ్చు గాని డీజిల్‌కు పెట్టిన డబ్బు మరచిపోడు. ట్రాక్టరు పెట్టెలో ఒక చిన్న పుస్తకం ఉంచి, పోసిన ప్రతిసారీ లీటర్లు రాసుకుని, మొత్తం వెయ్యికి చేరగానే ఆయిల్ మార్చుకోమని చెబితే ఆ సలహా అమలవుతుంది. మీటరు పనిచేస్తున్న ట్రాక్టరుకు గంటలు, డీజిల్ రెండింటిలో ఏది ముందు పూర్తయితే దానిని పాటించాలి. ఇది తయారీదారు సూచనకు ప్రత్యామ్నాయం కాదు, ఆ సూచనను పొలం పరిస్థితికి అన్వయించే పద్ధతి మాత్రమే.

రంగు ఏమి చెబుతుంది?

డీజిల్ ఇంజనులో పోసిన కొత్త ఆయిల్ కొద్ది గంటలలోనే నల్లబడుతుంది. ఇది లోపం కాదు. ఆయిల్‌లో కలిపే శోధక, విక్షేపక రసాయనాలు మసి కణాలను గడ్డకట్టనీయకుండా, లోహంపై అంటుకోనీయకుండా తమలో తేలియాడేలా పట్టి ఉంచుతాయి. నల్లబడని ఆయిల్ ఉంటే ఆ మసి ఇంజను గోడలపై పేరుకుంటోందని అనుమానించాలి. కాబట్టి నలుపు చూసి మార్చేవారు ఆయిల్ పనిచేస్తున్నందుకే దానిని పారబోస్తున్నారు. రంగు నిజంగా హెచ్చరించేది ఒకే సందర్భంలో. డిప్‌స్టిక్‌పై ఆయిల్ పాల వలె తెల్లగా కనబడితే నీరు కలిసినట్లు. అప్పుడు ఆయిల్ మార్చడం కంటే ముందు రేడియేటర్ నీరు ఎక్కడ కారుతోందో, దమ్ములో నీరు ఎలా చేరిందో వెతకాలి.

రంగు కంటే మచ్చ ఎక్కువ చెబుతుంది. వేడిగా ఉన్న ఇంజను నుంచి ఒక చుక్క తీసి వడపోత కాగితంపై వేసి ఒక రాత్రి వదిలేయాలి. మచ్చ మధ్య నుంచి అంచు వరకు ఒకే తీరుగా బూడిద నలుపుతో పరచుకుంటే విక్షేపక శక్తి ఇంకా మిగిలి ఉన్నట్లు. నడుమ చిక్కటి నల్లని బొట్టు, దాని చుట్టూ స్పష్టమైన గీత, వెలుపల పాలిపోయిన వలయం కనబడితే మసిని మోసే శక్తి తగ్గినట్లు. ప్రయోగశాలలోని విశ్లేషణకు ఇది సాటిరాదు. కాని పైసా ఖర్చు లేకుండా వివిధ గంటల వద్ద మచ్చలు సేకరించి పక్కపక్కన పెట్టి చూడడం విద్యార్థులకు మంచి అభ్యాసం.

తగ్గినప్పుడల్లా పోయడం గురించి ఒక మాట. కొత్త ఆయిల్ కొంత రసాయన శక్తిని తెస్తుంది, నిజమే. లోపల ఉన్న దుమ్మును, లోహపు రజనును మాత్రం బయటకు పంపదు. ఆయిల్ మట్టం పోయకుండానే పెరిగితే అది మరింత ప్రమాదకరం. ఇంజెక్టరు కారి డీజిల్ ఆయిల్‌లో కలుస్తోందని అర్థం. ఎస్ఏఈ 40 తరగతి ఆయిల్ స్నిగ్ధత 100 డిగ్రీల సెల్సియస్ వద్ద 12.5 నుంచి 16.3 సెంటీస్టోక్స్ మధ్య ఉండాలి. మన ప్రాంతంలో వాడే 15డబ్ల్యు-40, 20డబ్ల్యు-40 రెండూ వేడి మీద ఈ హద్దులలోనే ఉంటాయి. డీజిల్ కలిసిన ఆయిల్ ఈ హద్దు కంటే పలుచనై, బేరింగుల మధ్య ఉండవలసిన పొర చిట్లిపోతుంది. నీడలో నిలిపి గంటల తరబడి ఖాళీగా ఇంజను నడిపే అలవాటు దీనికి తోడు చేస్తుంది, ఎందుకంటే చల్లని సిలిండరులో డీజిల్ పూర్తిగా కాలదు.

అసలు శత్రువు దుమ్ము

ఇంజను ఆయిల్ వ్యవధిపై చర్చలో గాలి సంగతి మరుగున పడుతుంది. ట్రాక్టరు ఇంజను కాల్చే ప్రతి లీటరు డీజిల్‌కు వేల లీటర్ల గాలిని పీల్చుకుంటుంది. రాయలసీమ ఎర్రనేలల్లో వేసవి దుక్కి చేసేటప్పుడు, వేరుశనగ నూర్పిడి యంత్రం పక్కన రోజంతా ఒకేచోట నిలిచి నడిచేటప్పుడు ఆ గాలిలో ఎంత మట్టి ఉంటుందో చూసినవారికి చెప్పనక్కరలేదు. మట్టిలోని సిలికా ఇనుము కంటే గట్టిది. అది పిస్టన్ రింగుల వద్దకు చేరి, ఆయిల్‌తో కలిసి, లైనర్లను ఆకురాయిలా అరగదీస్తుంది.

పాత ట్రాక్టర్లలోని ఆయిల్ తొట్టె రకపు ఎయిర్ క్లీనర్‌ను దుమ్ము కాలంలో రోజూ విప్పి చూడాలి. తొట్టె అడుగున మట్టి పేరుకుంటే శుభ్రం చేసి గుర్తు వరకే కొత్త ఆయిల్ పోయాలి. గుర్తు దాటి పోస్తే ఆ ఆయిల్ కూడా ఇంజనులోకి పోతుంది. క్లీనర్ నుంచి ఇంజనుకు వెళ్ళే రబ్బరు గొట్టం పగిలినా, దాని బిగింపు వదులైనా ఆ తరువాత ఎంత మంచి ఆయిల్ పోసినా, ఎంత త్వరగా మార్చినా ప్రయోజనం లేదు. వ్యవధిని సగానికి తగ్గించడం కంటే ఆ గొట్టాన్ని బిగించడమే మేలు. చేను గట్టున మూత లేని డబ్బా నుంచి, దుమ్ము పట్టిన గరాటుతో ఆయిల్ పోయడం కూడా ఇదే కోవలోకి వస్తుంది.

ఆయిల్‌తో పాటు ఆయిల్ ఫిల్టరు మార్చకపోవడం మరొక తప్పు పొదుపు. ఫిల్టరు పూడుకుపోయినప్పుడు ఇంజనుకు ఆయిల్ అందకుండా పోరాదని అందులో ఒక పక్కదారి కవాటం ఉంటుంది. అది తెరుచుకున్నాక వడపోత లేని ఆయిల్ నేరుగా బేరింగులకు వెళుతుంది. రైతుకు ఏ సూచనా కనబడదు, ఒత్తిడి మీటరు ముల్లు కూడా మామూలుగానే ఉండవచ్చు.

గంధకం తగ్గిన తరువాత

పాత వ్యవధులు నిర్ణయించిన నాటి డీజిల్ వేరు. అందులోని గంధకం కాలి, నీటితో కలిసి గంధకామ్లమై లోహాన్ని తినేది. ఆయిల్‌లోని క్షార రసాయనాలు ఆ ఆమ్లాన్ని తటస్థం చేస్తూ తామే ఖర్చైపోయేవి. 2000 నాటికి మన డీజిల్‌లో గంధకం 0.25 శాతం వరకు, అంటే పది లక్షల భాగాలకు 2500 భాగాల వరకు ఉండేది. 2017 ఏప్రిల్ నుంచి దేశమంతటా 50 భాగాలకు, 2020 ఏప్రిల్ నుంచి 10 భాగాలకు తగ్గింది. ఆయిల్ నాణ్యత కూడా పెరిగింది. 1990లో వచ్చిన సీఎఫ్-4 తరగతి తరువాత 1998లో సీహెచ్-4, 2002లో సీఐ-4 తరగతులు మసిని మోసే శక్తిని పెంచుతూ వచ్చాయి. కొందరు తయారీదారులు వ్యవధి పెంచగలగడంలో ఈ రెండు మార్పుల పాత్ర ఉంది. అయితే ఆమ్లం తగ్గిందే గాని దుమ్ము తగ్గలేదు. కొత్త డీజిల్ వచ్చింది కదా అని పాత ట్రాక్టరుకు రైతు తనంతట తాను వ్యవధి పెంచుకోవడం సరికాదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. 2023 జనవరి నుంచి 50 హార్స్‌పవర్ దాటిన ట్రాక్టర్లకు వర్తించిన కొత్త ఉద్గార నిబంధనల వల్ల పొగగొట్టంలో మసి వడపోత ఉన్న నమూనాలు వస్తున్నాయి. వాటిలో తక్కువ బూడిదనిచ్చే ఆయిల్ మాత్రమే వాడాలి. అంగట్లో దొరికిన ఏ డబ్బా అయినా ఒకటే అన్న మాట వీటికి చెల్లదు.

ఏడాదిలో 100 గంటలు కూడా నడవని ట్రాక్టరుకు గంటల లెక్క వేరే విధంగా తప్పుతుంది. నెలల తరబడి నిలిచిన ఇంజనులో తేమ చేరి ఆయిల్‌ను పాడుచేస్తుంది. అందువల్ల గంటలు నిండకపోయినా ఏడాదికి ఒకసారి మార్చవలసిందే.

ఖర్చు ఎంత?

వ్యవసాయ యంత్రాల వ్యయాన్ని లెక్కించేటప్పుడు కందెనల ఖర్చును ఇంధన ఖర్చులో 30 శాతంగా తీసుకోవాలని విద్యార్థులు పాఠాలలో నేర్చుకుంటారు. ఒకసారి కాగితం మీద వేసి చూద్దాం. డీజిల్ లీటరు 95 రూపాయలనుకుంటే 250 గంటలకు 1000 లీటర్లు, అంటే 95,000 రూపాయలు. ఇంజను ఆయిల్ 7 లీటర్లు, లీటరు 350 చొప్పున 2,450 రూపాయలు, ఫిల్టరు 450, మొత్తం 2,900. ఇది ఇంధన ఖర్చులో మూడు శాతం. గేర్లకు, హైడ్రాలిక్ వ్యవస్థకు 1000 గంటలకు ఒకసారి మార్చే 40 లీటర్ల ఆయిల్‌లో ఈ 250 గంటల వాటా మరో మూడు శాతం. గ్రీజు కలిపినా పది శాతం దాటదు. 30 శాతం అన్న అంకెను పరీక్షలో రాయవచ్చు గాని, రైతు బడ్జెట్ వేసేటప్పుడు వాడరాదు. ఆ అంకెతో చూస్తే ఆయిల్ చాలా ఖరీదైనదిగా కనబడి, వాయిదా వేయాలన్న ఆలోచన కలుగుతుంది.

నిజానికి వాయిదా వల్ల మిగిలేది స్వల్పం. 1000 గంటలకు నాలుగు మార్పిడులైతే 11,600 రూపాయలు. వ్యవధిని 400 గంటలకు సాగదీస్తే సగటున రెండున్నర మార్పిడులకు 7,250. మిగులు 4,350 రూపాయలు. అదే 1000 గంటలలో ఆ ట్రాక్టరు 3,80,000 రూపాయల డీజిల్ కాల్చి ఉంటుంది. లైనర్లు, పిస్టన్లు, రింగులు మార్చి ఇంజను బాగుచేయించాలంటే పదుల వేలు అవుతాయి. అద్దెకు తిప్పే చిన్న యజమానికి అంతకంటే పెద్ద దెబ్బ, నాట్ల కాలంలో ట్రాక్టరు రెండు వారాలు షెడ్డులో పడి ఉండడం. ఆ యజమాని ఏడాదికి 1000 గంటలు నడుపుతాడు గనుక తొలకరికి ఒక్కసారి మార్చే పద్ధతి అతనికి మూడు మార్పిడులు ఎగవేసినట్లవుతుంది. కొద్ది ఎకరాల సొంత సేద్యం మాత్రమే చేసుకునే రైతుకు అదే పద్ధతి సరిగా సరిపోతుంది. ఇద్దరికీ ఒకే కరపత్రం ఇవ్వడంలోని లోపం ఇక్కడే ఉంది.

అరుగుదల ఎంత జరుగుతుందో అంకెలతో చూడదలచిన విద్యార్థులు అనంతపురం జిల్లా గార్లదిన్నెలోని దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ వంటి సంస్థల నివేదికలను చదవాలి. పరీక్ష ముగిశాక ఇంజను విప్పి కొలిచిన సిలిండరు, రింగుల కొలతలు, వాటిని ఏ హద్దు వద్ద పారవేయాలో ఆ నివేదికలలో పక్కపక్కనే ఉంటాయి.

మార్చేటప్పుడు ఇంజనును పది నిమిషాలు నడిపి, వెచ్చగా ఉండగానే, చదునైన నేలపై నిలిపి డ్రెయిన్ ప్లగ్ విప్పాలి. చల్లని ఆయిల్‌తో పాటు మడ్డి దిగదు. కొత్త ఆయిల్ పోశాక ఇంజనును కొద్దిసేపు నడిపి, ఆపి, కొంత ఆగి మట్టం చూడాలి. మీటరు అంకెను, తేదీని పుస్తకంలో రాయాలి. దించిన పాత ఆయిల్‌ను పొలం గట్టున పారబోయడం, కాలువలో వదలడం, కలుపు మీద చల్లడం ఇప్పటికీ కనబడుతోంది. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం అది ప్రమాదకర వ్యర్థం. దానిని మూత గల డబ్బాలో, నీరుగాని కిరోసిన్‌గాని కలపకుండా ఉంచి, సేకరణకు అనుమతి ఉన్నవారికి అప్పగించాలి. నీరు కలిసిన ఆయిల్‌ను తిరిగి శుద్ధి చేయడం కష్టం, దానిని కొనేవారూ తక్కువే.