పాడినదెవరు? పాడినదేమిటి?

కంట్రోల్ రూములో పనిచేసే మాకొక అలవాటున్నది. ఫోనులో వినిపించిన ఆదేశాన్ని చెప్పినవారికే తిరిగి చెప్పి, వారు ఔనన్న తరువాతనే స్విచ్చిపై చేయి వేస్తాము. టర్బైను హోరులో 'తెరవండి' అన్నది 'తెరవకండి'గా వినబడడం మన సిబ్బందిలో చాలమందికి అనుభవమే. సగం వినిన మాటలో మిగిలిన సగాన్ని చెవి గాక మనస్సు పూరిస్తుంది. 'లూయీ లూయీ' అనే అమెరికన్ రాక్ పాట కథ చదివినప్పుడు మాకీ సంగతే స్ఫురించింది.

ఈ పాటను రిచర్డ్ బెర్రీ 1955లో రచించి, 1957లో తానే పాడి రికార్డుగా వెలువరించారు. దూరతీరాన ఎదురుచూచే ప్రియురాలిని తలచుకొనే నావికుని ఊసు తప్ప అందులో మరేమీ లేదు. 1963 ఏప్రిల్‌లో, పోర్ట్‌లండ్ నగరంలోని 'కింగ్స్‌మెన్' అనే కుర్రకారు బృందం దానిని మళ్ళీ రికార్డు చేసింది. గాయకుడు జాక్ ఈలీ. మైకును పైకప్పునుండి వ్రేలాడదీశారు. ఆయన తల పైకెత్తి, డ్రమ్ముల, గిటారుల మ్రోతను మించి అరవవలసి వచ్చింది. పళ్ళకు క్లిప్పులు కూడ ఉండేవట! మైకు ఎక్కడ పెట్టాలో తెలిసినవారు ఒక్కరుంటే ఈ కథే ఉండేది కాదు. పాట అమెరికాలో రెండవ స్థానానికి ఎగబ్రాకింది. మాటలు మాత్రం ఎవరికీ బోధపడలేదు.

బోధపడనిచోట విద్యార్థులు తమకు తోచిన బూతులు చేర్చి, కాగితాలపై వ్రాసి పంచుకొన్నారు. తల్లిదండ్రులు కలవరపడ్డారు. 1964లో ఇండియానా గవర్నరు ఆ పాటను ప్రసారం చేయవద్దని రేడియోవారిని కోరారు. ఎఫ్.బి.ఐ. విచారణ రెండేళ్ళకు పైగా సాగింది. రికార్డును పలు వేగాలలో త్రిప్పి విన్న నిపుణులు, ఏ వేగంలోనూ మాటలు తెలియడం లేదని తేల్చారు. ఇంత చేసినవారు, పాడిన జాక్ ఈలీని పిలిచి ఒక్క ప్రశ్నయినా అడుగలేదు!

అప్పటికి ఈలీ ఆ బృందంలో లేరు. పాట పేరు పొందకముందే, డ్రమ్ములు వాయించే లిన్ ఈస్టన్ గాయకుని స్థానం తీసుకోగా ఈలీ తప్పుకొన్నారు. టెలివిజన్‌లో గొంతు ఈలీది, పెదవులు ఈస్టన్‌వి. చూచినవారు పాడినది ఈస్టనే అనుకొన్నారు. అందులో వారి తప్పేమున్నది? తగవు న్యాయవాదుల దాకా వెళ్ళి రాజీ కుదిరిన తరువాతనే, రికార్డులపై గాయకునిగా ఈలీ పేరు అచ్చువేయడానికి అంగీకరించారు. ఆయన 2015లో మరణించారు. రచయిత బెర్రీ అయితే తన హక్కులను ఏనాడో 750 డాలర్లకు అమ్ముకొన్నారు. 1980ల దాకా అవి ఆయనకు తిరిగి దక్కలేదు.

మాటలు తెలియకున్నా, ఆ రికార్డులో స్పష్టంగా వినిపించేది ఒకటున్నది. గిటారు వాదన ముగిశాక ఈలీ తొందరపడి ముందుగా అందుకొని, తప్పు గ్రహించి ఆగిపోతారు. ఆ ఖాళీని డ్రమ్ముల మ్రోతతో కప్పి ఆయనను గట్టెక్కించినవారు ఈస్టనే.