ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్ – మన హాస్టల్ ఉదాహరణలతో



మేము ఇదే హాస్టల్లో ఉండి, తర్వాత కంప్యూటర్ కోర్సులు చదివిన పూర్వ విద్యార్థులం. మాలో ఒకడు మొదటి ఇంటర్వ్యూలో ఈ సబ్జెక్టు నిర్వచనాలన్నీ గడగడా అప్పజెప్పాడు. "ఒక్క ఉదాహరణ చెప్పు" అనేసరికి నోట మాట రాలేదు. ఉద్యోగం చేజారింది. మీకు అలా జరగకూడదనే ఈ వ్యాసం.

ప్రోగ్రాం పెద్దదయ్యేకొద్దీ ఏ సమాచారాన్ని ఏ భాగం మారుస్తోందో తెలియక చిక్కులు వస్తాయి. అందుకే సమాచారాన్నీ, దానితో చేసే పనులనూ ఒకేచోట చేర్చే ఈ పద్ధతి వచ్చింది. 1960లలో నార్వేలో డాల్, నైగార్డ్ రూపొందించిన సిములా భాషతో ఇది మొదలైంది. సి ప్లస్ ప్లస్, 1995లో వచ్చిన జావా దీన్ని ప్రపంచమంతా వ్యాపింపజేశాయి.

క్లాస్, ఆబ్జెక్ట్: హాస్టల్ అడ్మిషన్ ఖాళీ ఫారం క్లాస్ లాంటిది. పేరు, ఊరు, తరగతి నింపిన ఒక్కో ఫారం ఒక్కో ఆబ్జెక్ట్. అయితే ఫారంలో వివరాలే ఉంటాయి. క్లాస్‌లో చేయవలసిన పనులు కూడా రాస్తారు. వాటినే మెథడ్స్ అంటారు.

ఎన్‌క్యాప్సులేషన్: స్టోర్ రూములో బియ్యం మనమే వెళ్లి తీసుకోం. వార్డెన్ గారు తూకం వేయించి, రిజిస్టరులో రాసి ఇప్పిస్తారు. అందుకే లెక్క తప్పదు. ఆబ్జెక్ట్‌లోని సమాచారాన్ని కూడా దాని మెథడ్స్ ద్వారానే మార్చాలి.

ఆబ్‌స్ట్రాక్షన్: స్విచ్ వేస్తే మోటారు నీళ్లు ఎక్కిస్తుంది. లోపల ఏం జరుగుతుందో మనకు తెలియనక్కర్లేదు.

ఇన్‌హెరిటెన్స్: 'ఆవు' ఒక క్లాస్ అనుకుందాం. మేత మేయడం, పాలివ్వడం అందులో ఉంటాయి. మన ఊరి పేరు మోస్తున్న 'పుంగనూరు ఆవు' ఆ లక్షణాలన్నీ తీసుకొని, పొట్టి ఎత్తును అదనంగా చేర్చుకుంటుంది. దూడకు తల్లి పోలిక రావడం వేరు. ఇక్కడ ఒక క్లాస్ నుంచి ఇంకో క్లాస్ వస్తుంది.

పాలిమార్ఫిజం: భోజనం గంట కొట్టగానే వంటమాస్టరు వడ్డనకు సిద్ధమవుతాడు, కమాటి నీళ్లు పెడతాడు, మనం పళ్లేలతో లైనులో నిలబడతాం. పిలుపు ఒకటే, ఎవరి పని వారిది.

తమ్ముళ్లారా, ఇంగ్లీషు పేర్లు చూసి భయపడకండి. ఈరోజు స్టడీ అవర్లో హాస్టల్ లైబ్రరీ పుస్తకానికి ఒక క్లాస్ రాయండి. ఏ వివరాలు ఉండాలి? ఏ పనులు ఉండాలి? అది మీ సొంతంగా రాయగలిగితే, ఇంటర్వ్యూలో ఎవరు అడిగినా తడబడరు.

– మీ పూర్వ విద్యార్థులు