అండాశయ క్యాన్సరు – స్టీరాయిడ్ హార్మోనుల పాత్ర

మన పెద్దలు రాచపుండు అని పిలిచిన వ్యాధిని నేడు మనము క్యాన్సరు అనుచున్నాము. స్త్రీలకు వచ్చు క్యాన్సరులలో అండాశయ క్యాన్సరు మిక్కిలి మోసకారి. 2022వ సంవత్సరపు అంచనాల ప్రకారము ప్రపంచములో సుమారు 3 లక్షల 24 వేల మంది స్త్రీలకు ఈ వ్యాధి కొత్తగా రాగా, 2 లక్షల 6 వేల మందికి పైగా దీనివలన మరణించారు. అదే సంవత్సరము మన దేశములో దాదాపు 47 వేల మందికి ఇది వచ్చినది. పొత్తికడుపు లోతున దాగియున్న అవయవము కనుక వ్యాధి ముదిరిన పిదపనే తరచుగా బయటపడును.

ఈ వ్యాధిని గురించి మాటలాడునపుడు 'హార్మోను' అను పదము తప్పక వినబడును. హార్మోను మాత్రలు మింగినందువలననే క్యాన్సరు వచ్చినదని కొందరు, హార్మోనులతో క్యాన్సరు నయమగునని మరికొందరు చెప్పుదురు. ఈ రెండు మాటలలోను కొంత నిజమున్నది, కొంత పొరపాటున్నది. ఆ నిజమేదో, పొరపాటేదో విద్యార్థి మిత్రులకు తెలియజేయుటయే ఈ వ్యాసములో మా ఉద్దేశము.

స్టీరాయిడ్ హార్మోను అనగానేమి?

శరీరములో ఒకచోట తయారై, రక్తములో ప్రయాణించి, మరియొకచోట కణములకు ఆజ్ఞలు అందజేయు రసాయన దూతలే హార్మోనులు. వానిలో కొలెస్టరాల్ అను కొవ్వు పదార్థము నుండి తయారగు వానిని స్టీరాయిడ్ హార్మోనులందురు. గుండెజబ్బుల ప్రసంగములో మనము నిందించు కొలెస్టరాల్ లేనిదే ఈ హార్మోనులు లేవు.

అండాశయమే వీనికి ఒక కార్మాగారము. అండమును చుట్టియున్న కణములలో బయటి వరుసవి ఆండ్రోజెనులను తయారుచేయును. లోపలి వరుస కణములు అరోమటేజ్ అను ఎంజైము సహాయమున ఆ ఆండ్రోజెనులను ఈస్ట్రోజెనుగా మార్చును. అండము విడుదలైన పిదప మిగిలిన భాగము పసుపు వన్నె దాల్చి ప్రొజెస్టిరానును స్రవించును. పురుష హార్మోనులని మనము పిలుచునవి స్త్రీ శరీరములో కూడ పుట్టుట, వానినుండియే స్త్రీ హార్మోను తయారగుట గమనింపదగిన విషయము.

తాళము – తాళపుచెవి

రక్తములో తిరుగు హార్మోను అన్ని కణములను ఒకే తీరున కదిలించలేదు. దానికి సరిపోవు గ్రాహకము గల కణము మాత్రమే దాని మాట వినును. తాళపుచెవి ఎన్ని ఇండ్ల ముందు తిరిగినను తన తాళము ఉన్న తలుపునే కదా తెరువగలదు! ఈస్ట్రోజెనుకు ఇట్టి గ్రాహకమున్నదని 1950ల చివరలో చికాగోలో ఎల్వుడ్ జెన్సెన్ నిరూపించారు. చిరకాలము ఈ గ్రాహకము ఒక్కటేననుకొన్నారు. 1996లో స్వీడను దేశ శాస్త్రజ్ఞులు రెండవదానిని కనుగొన్నారు. అప్పటినుండి మొదటిదానిని ఆల్ఫా, రెండవదానిని బీటా అని పిలుచుచున్నారు.

అండాశయ క్యాన్సరు విషయములో కీలకమంతయు ఈ రెండింటి మధ్యనే ఉన్నది. ఈస్ట్రోజెను ఆల్ఫా గ్రాహకముతో జతగూడి కణకేంద్రకములోని డి.ఎన్.ఏ.ను చేరినపుడు కణవిభజనను ప్రోత్సహించు జీనులు మేల్కొనును. సైక్లిన్ డి-1, మిక్ అను ప్రోటీనులు పెరుగును. ఒక కణము రెండుగా, రెండు నాలుగుగా చీలుటకు ఇవి పచ్చజెండా ఊపును. కణములు తావు విడిచి ఉదరములో ఇతర భాగములకు ప్రాకుటకును ఈ ఆజ్ఞలు తోడ్పడగలవు. బీటా గ్రాహకము పని సాధారణముగా దీనికి విరుద్ధము. అది పెరుగుదలకు పగ్గము వేయును. కణితి ముదిరిన కొలది బీటా తగ్గిపోవుచున్నదని పలు పరిశోధనలలో కనబడినది. అనగా ఎడ్లు అవే, బండి అదే, పగ్గము మాత్రము తెగినది. హార్మోను మారలేదు, దానిని అందుకొను కణము మారినది.

ఇచ్చట ఒక మాట స్పష్టము చేయవలెను. హార్మోను ఒక్కటియే క్యాన్సరును పుట్టించదు. జీనులలో లోపము ఏర్పడి కణము దారి తప్పవలెను. బి.ఆర్.సి.ఎ.-1, బి.ఆర్.సి.ఎ.-2 అను జీనులలో వంశపారంపర్యముగా లోపమున్న స్త్రీలకు ఈ ప్రమాదము అధికము. మిక్కిలి తరచుగా కనబడు రకము అండాశయములో గాక, దానిని ఆనుకొనియున్న అండవాహిక కొసలో మొదలగుచున్నదని నేడు శాస్త్రజ్ఞులు భావించుచున్నారు. దారి తప్పిన అట్టి కణమునకు హార్మోను ఎరువు కాగలదు. విత్తనము వేరు, ఎరువు వేరు.

మేలు చేయు హార్మోను

1971లో ఈజిప్టు దేశ వైద్యుడు మహమూద్ ఫతల్లా ఒక సిద్ధాంతమును ప్రతిపాదించారు. ప్రతి నెలయు అండము విడుదలగునపుడు అండాశయపు పైపొర చిట్లి మరల అతుకుకొనును. ఎడతెగక జరుగు ఈ గాయము, మరమ్మతులే క్యాన్సరుకు దారితీయవచ్చునని ఆయన ఊహించారు. గర్భము ధరించిన నెలలలోను, శిశువుకు పాలిచ్చు కాలములోను అండము విడుదల ఆగును లేదా తగ్గును. బిడ్డలను కని పాలిచ్చిన తల్లులకు ఈ క్యాన్సరు కొంత తక్కువగా వచ్చుటకు ఇది ఒక కారణముగా చెప్పబడినది. గర్భకాలమున అధికముగా ఉండు ప్రొజెస్టిరాను లోపభూయిష్ట కణములను ఆత్మవినాశనమునకు పురికొల్పునను భావన మరియొకటి.

గర్భనిరోధక మాత్రల చరిత్ర దీనిని బలపరచుచున్నది. 21 దేశములలోని 45 పరిశోధనలను కలిపి 2008లో ప్రకటించిన విశ్లేషణలో, ఈస్ట్రోజెను, ప్రొజెస్టిరాను వంటి పదార్థములు కలిసిన ఈ మాత్రలను ప్రతి 5 సంవత్సరములు వాడిన కొలది అండాశయ క్యాన్సరు ప్రమాదము సుమారు ఐదవ వంతు తగ్గినట్లు తేలినది. మానివేసిన తరువాత కూడ అనేక సంవత్సరములు ఈ రక్షణ నిలిచినది.

ముట్లుడిగిన పిమ్మట తీసుకొను హార్మోనుల కథ వేరు. 2015లో 52 పరిశోధనలను కలిపి చూచినపుడు వీనివలన ప్రమాదము పెరిగినట్లు కనబడినది. 50వ ఏట మొదలిడి 5 సంవత్సరములు వాడిన ప్రతి వేయి మందిలో సుమారు ఒకరికి అదనముగా ఈ క్యాన్సరు రాగలదని అంచనా వేశారు. దాదాపు అదే జాతి హార్మోనులు ఒక వయసులో రక్షణ, మరియొక వయసులో ప్రమాదము! కనుక 'హార్మోను మంచిదా, చెడ్డదా?' అను ప్రశ్నయే సరియైనది కాదు. ఏ హార్మోను, ఏ వయసులో, ఏ గ్రాహకము గల కణమునకు అని అడుగవలెను. క్యాన్సరుకు భయపడి గర్భనిరోధక మాత్రలు మొదలుపెట్టుటయు తగదు. వానివలన రొమ్ము క్యాన్సరు, రక్తము గడ్డకట్టుట వంటి ప్రమాదములు కొద్దిగా పెరుగును. వైద్యుని నిర్ణయమే ప్రమాణము.

చికిత్సలో హార్మోనులు

1896లో గ్లాస్గో వైద్యుడు జార్జి బీట్సన్ అండాశయములను తొలగించి కొందరు స్త్రీల రొమ్ము క్యాన్సరును తగ్గించగలిగారు. హార్మోనును అడ్డుకొని క్యాన్సరుకు చికిత్స చేయు మార్గమునకు అది నాంది. నేడు అండాశయ క్యాన్సరుకు శస్త్రచికిత్స, కీమోథెరపీలే ప్రధానములు. నెమ్మదిగా పెరుగు ఒక రకములో మాత్రము, అరోమటేజ్‌ను అరికట్టు లెట్రోజోల్ వంటి మందులు ఉపకరించుచున్నవి. సాధారణ రకములో హార్మోను చికిత్సకు లొంగు రోగులు కొద్దిమందియే. గ్రాహకము ఉన్నంత మాత్రమున కణము దానిమీదనే ఆధారపడియున్నదని చెప్పలేము.

ఈ రంగములో తెలుగు ఇంటిపేర్లు గల శాస్త్రజ్ఞులు కనబడుట మనకు సంతోషకరము. వడ్లమూడి రత్న, ఆయన సహచరులు 2001లో పెల్ప్-1 అను ప్రోటీనును వర్ణించారు. ఇది ఆల్ఫా గ్రాహకమునకు సహాయకారి. అటుపిమ్మట అమెరికాలోని శాన్ ఆంటోనియోలో ఆయనయు, టేక్మాల్ రాజేశ్వరరావును కలిసి పాల్గొన్న పరిశోధన 2017లో వెలువడినది. అతిమధురము జాతి మొక్క నుండి లభించు లిక్విరిటిజెనిన్ అను పదార్థము బీటా గ్రాహకమును ప్రేరేపించి, ప్రయోగశాలలో అండాశయ క్యాన్సరు కణముల పెరుగుదలను తగ్గించినట్లు అందు తెలిపారు. తెగిన పగ్గమును మరల కట్టు ప్రయత్నమన్నమాట. ఇది చదివి అతిమధురము నమలినచో క్యాన్సరు తగ్గునని ఎవరును భ్రమపడరాదు. ప్రయోగశాలకును రోగి మంచమునకును మధ్య దూరము మిక్కిలి ఎక్కువ.

మన ప్రాంతమునకు ఇందులో పాఠమేమి?

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుండి 49 సంవత్సరముల స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశములో నూటికి ముగ్గురు కాగా, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిదిమంది. దేశములో మన రాష్ట్రమే ఈ విషయమున ముందున్నది. 'గర్భసంచి పోయినది, ఇక క్యాన్సరు భయము లేదు' అని పలువురు తల్లులు అనుకొందురు. అండాశయములను ఉంచివేసినచో వానికి క్యాన్సరు వచ్చు అవకాశము పూర్తిగా పోదు. చిన్న వయసులోనే అవసరము లేక వానిని కూడ తొలగించినచో ఈస్ట్రోజెను ఒక్కసారిగా తగ్గి ఎముకలు బలహీనపడును, గుండెజబ్బుల ప్రమాదము పెరుగును. కనుక శస్త్రచికిత్స చేయించుకొనునపుడు 'అండాశయములు ఉంచుచున్నారా, తీయుచున్నారా?' అని అడిగి తెలుసుకొని, ఆ కాగితములను భద్రపరచుకొనుట ప్రతి స్త్రీ హక్కు.

కడుపు ఉబ్బరము, కొద్దిగా తినగానే నిండినట్లుండుట, పొత్తికడుపు నొప్పి, మాటిమాటికి మూత్రము వచ్చుట – ఇవి వారముల తరబడి విడువక ఉన్నచో, ముఖ్యముగా 50 ఏండ్లు దాటిన స్త్రీలకు, పరీక్ష అవసరము. మన ఇండ్లలో దీనిని 'గ్యాసు' అని సోడాతోను, వామునీటితోను సరిపెట్టుచుందురు. నరసన్నపేట నుండి శ్రీకాకుళము ప్రభుత్వ ఆసుపత్రి దూరము కాదు. విశాఖపట్టణము చేరువలోని అగనంపూడిలో టాటా మెమోరియల్ కేంద్రమునకు చెందిన హోమీ భాభా క్యాన్సరు ఆసుపత్రి ఉన్నది. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన ప్రభుత్వ పథకము క్రింద పేదలకు క్యాన్సరు చికిత్స లభించుచున్నది. దారి ఉన్నది. ఆ దారిలో అడుగుపెట్టుటకు అడ్డు వచ్చునది సిగ్గు, ఆలస్యము.

స్త్రీల వ్యాధులను గురించి మాటలాడుట మర్యాద కాదను భావము తెలుగు ఇంటను, ఉర్దూ ఇంటను సమానముగానే ఉన్నది. ఏడాదికి ఒకసారి ఒక వైద్యురాలిని ఆహ్వానించి, విద్యార్థినులకును వారి తల్లులకును ఉభయ భాషలలో ప్రసంగము ఏర్పాటు చేయవలసినదిగా కళాశాల కమిటీ వారిని సవినయముగా కోరుచున్నాము. విద్యార్థులారా! గ్రాహకముల పేర్లు పరీక్షతో మరచిపోయినను ఫరవాలేదు. అమ్మ, నాయనమ్మ, అమ్మీ, నానీ 'కడుపు బరువుగా ఉన్నది' అని నెల దినములుగా చెప్పుచున్నచో ఆ మాట వినుడు. వెంటబెట్టుకొని వైద్యుని వద్దకు తీసికొనిపొండు.