సముద్రపు నాచు వద్దు, పొలం నాచు పెంచండి

సముద్రంలో కంటికి ఆనని నాచు ఉంటుంది. నీటిలో నత్రజని తగ్గితే అది ఎదుగుదల మాని, బియ్యంలో ఉన్నలాంటి పిండిని ఒంట్లో దాచుకుంటుంది. వినడానికి బాగానే ఉంది. కానీ వెయ్యి లీటర్లు వడకడితే దక్కే ఎండు నాచు అర కిలో, అటూ ఇటూగా. పైగా ఉప్పునీరు. సాగర్ కుడికాల్వ కింది నకరికల్లులో తొట్టి కడితే ఆ నీరు చివరికి పారబోసేది ఎక్కడ? చేలోకేగా! నేల చౌడెక్కితే బాగుచేసేదెవరు?

మీకు అక్కరకొచ్చేది వరిమడిలో తేలే నీలి ఆకుపచ్చ నాచు. వరిమళ్లలో ఇది గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుందని పి.కె. డే 1939లోనే తేల్చారు. రెండు మీటర్ల పొడవు, మీటరు వెడల్పు, జానెడు లోతు గుంట తవ్వి పాలిథిన్ షీటు పరవండి. 10 కిలోల మెత్తటి మట్టి, 200 గ్రాముల సూపర్ ఫాస్ఫేటు వేసి నీరు పెట్టండి. మట్టి పేరుకున్నాక విత్తన నాచు చల్లండి. ఎండ బాగా తగలాలి. రెండు మూడు వారాల్లో తెట్టు కడుతుంది. నీరు ఇంకనిచ్చి, ఎండిన పెచ్చులు ఏరుకోండి.

నాట్లేసిన 10 రోజులకు ఎకరాకు 4 కిలోలు నిలవ నీటిలో చల్లాలి. కుదిరితే 10 కిలోల నత్రజని, అంటే 20 కిలోల పైచిలుకు యూరియా కలిసొస్తుంది. అలాగని యూరియా పూర్తిగా మానేయకండి. చల్లాక పది రోజులైనా మడి ఆరకూడదు. వంతు నీటిమీద ఆధారపడ్డ కాల్వ చివరి భూముల వారు దీని జోలికి పోవద్దు.